ఎండ హెచ్చరికకు ఎవరు కట్టుబడాలి?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వేసవి సూచన ఇప్పుడు అంచెలంచెలుగా అందుతోంది. మార్చి నుంచి మే దాకా ఎండలు ఎలా ఉండబోతున్నాయో భారత వాతావరణ శాఖ ఫిబ్రవరి చివర్లోనే చెబుతుంది. మార్చి చివర్లో ఆ అంచనాను సవరించి ఏప్రిల్ నుంచి జూన్ వరకు మరో అంచనా ఇస్తుంది. రాబోయే వారాల తీరు ప్రతి గురువారం వెలువడుతుంది. రోజువారీ సూచనలో నాలుగైదు రోజుల ముందే జిల్లాల పటం పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో కనిపిస్తుంది. దాని ఆధారంగా ఆంధ్రప్రదేశ్ విపత్తుల నిర్వహణ సంస్థ, రేపు ఏ మండలాల్లో వడగాల్పులు, ఏ మండలాల్లో తీవ్ర వడగాల్పులు వీస్తాయో పేరుపేరునా జాబితా విడుదల చేస్తుంది. తెలంగాణలో వెయ్యికి పైగా ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాలు మండల స్థాయిలో వేడిని నమోదు చేస్తున్నాయి. 2003 మే నెలలో ఉమ్మడి రాష్ట్రంలో వెయ్యి మందికి పైగా వడదెబ్బకు బలైనప్పుడు ఇందులో చాలా భాగం లేదు. అంటే ముందుగా చెప్పగల శక్తి ఈ ఇరవై ఏళ్లలో బాగా పెరిగింది. అయితే ఎరుపు రంగు పడిన జిల్లాలో మర్నాడు ఎవరు ఏ పని ఆపాలి, ఏ తలుపు తెరవాలి, ఎవరి ఇంటికి వెళ్లి పలకరించాలి అన్నవి ఇప్పటికీ సలహాలే. బయటికి వెళ్లొద్దు, నీళ్లు ఎక్కువగా తాగండి, గొడుగు పట్టుకోండి అని చెప్పి సూచన ముగుస్తుంది. మన ఎండ సూచనకు ఇకపై కావలసింది మరింత సూక్ష్మమైన అంకె కంటే ఆ అంకెకు కట్టుబడే వ్యవస్థ అన్నదే ఈ సమీక్ష వాదన. ఆ వ్యవస్థ రావాలంటే ముందు ఆ అంకె దేన్ని కొలుస్తోందో, దేన్ని వదిలేస్తోందో చూడాలి.

ఎండ సూచనను నమ్మవచ్చా అన్న సందేహం సహజమే. వాన సూచనలు తప్పడం అందరూ చూసినదే. అయితే వాన వేరు, ఎండ వేరు. సాయంత్రం కమ్ముకునే ఉరుముల మేఘం ఒక ఊరిని ముంచి పక్క ఊరిని పొడిగా వదిలేస్తుంది. వడగాల్పు విశాల ప్రాంతం మీద, రోజుల తరబడి, నిదానంగా నడిచే వ్యవహారం. పై వాతావరణంలో అధిక పీడనం తిష్ఠ వేస్తే గాలి కిందికి దిగుతూ, నొక్కుకుపోతూ వేడెక్కుతుంది. మబ్బు పట్టనివ్వదు. రాజస్థాన్, గుజరాత్‌ల వైపు నుంచి వచ్చే పొడి గాలులు మధ్య భారతం మీదుగా సాగి ఆదిలాబాద్, రామగుండం, కొత్తగూడెం, ఖమ్మం దాటి కోస్తాలోకి దిగుతాయి. మామూలు రోజుల్లో మధ్యాహ్నానికి సముద్రపు గాలి తగిలి కోస్తా కొంత చల్లబడుతుంది. పడమటి గాలి బలంగా ఉన్న రోజున ఆ చల్లగాలి ఆలస్యమవుతుంది, ఒక్కోసారి తీరం దాటి లోపలికి రానే రాదు. అప్పుడు బాపట్ల, ఒంగోలు, మచిలీపట్నం కూడా రెంటచింతలతో పోటీ పడతాయి. బంగాళాఖాతంలో మే నెల తుపాను మన తీరానికి రాకుండా మయన్మార్ దారి పడితే ఊరట లేకపోగా ఎండ ముదురుతుంది. తుపాను తేమను తన వైపు లాక్కుంటుంది, నేల మీది పొడి గాలిని తీరానికి తోడుతుంది. 2003 మేలో కోస్తా మండిపోవడానికి ఇదొక కారణం. వీటికి తోడు ఎల్‌నినో వచ్చిన ఏడాది తర్వాతి వేసవి మరింత వేడెక్కే అవకాశం ఎక్కువ. 2003, 2016, 2024 అలాంటివే. రాజస్థాన్‌లోని ఫలోదీలో 51 డిగ్రీలు నమోదై దేశ రికార్డు అయినది 2016 మే 19నే. ఇవన్నీ పెద్ద ఎత్తున జరిగేవి కాబట్టి కంప్యూటర్ నమూనాలకు కొన్ని రోజుల ముందే దొరుకుతున్నాయి. ఎండ విషయంలో సమయం లేక నష్టపోయామని చెప్పుకునే పరిస్థితి మనకు లేదు.

ఇక కొలత సంగతి. మైదానంలో పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు, తీరంలో 37, కొండ ప్రాంతాల్లో 30 చేరితేనే వడగాల్పు గురించి ఆలోచిస్తారు. ఆపైన అది ఆ రోజులకు ఉండాల్సిన సాధారణం కంటే 4.5 నుంచి 6.4 డిగ్రీలు ఎక్కువైతే వడగాల్పు, 6.4 దాటితే తీవ్ర వడగాల్పు. మైదానంలో సాధారణంతో పని లేకుండా 45 చేరితే వడగాల్పు, 47 చేరితే తీవ్ర వడగాల్పు. ఒక వాతావరణ ఉపవిభాగంలో కనీసం రెండు కేంద్రాల్లో వరుసగా రెండు రోజులు ఇలా ఉంటే రెండో రోజున ప్రకటిస్తారు. దేశమంతటినీ ఒకే కొలతతో చూడటానికి, పాత దశాబ్దాలతో పోల్చడానికి ఈ పద్ధతి అనువైనదే. చిక్కల్లా ఇది వాతావరణంలోని అసాధారణతను పట్టడానికి పుట్టిన కొలత కావడం. మే మూడో వారంలో ఖమ్మంలో 44 డిగ్రీలు నమోదైతే, అక్కడి సాధారణానికి అది రెండు మూడు డిగ్రీలే ఎక్కువ కాబట్టి వడగాల్పు లెక్కలోకి రాకపోవచ్చు. స్లాబు మీద సెంట్రింగ్ కొట్టే కూలీ శరీరానికి సాధారణంతో ఏ సంబంధమూ లేదు. పైగా ఆ సాధారణం కూడా కదులుతూనే ఉంది. ఇప్పుడు 1991–2020 సగటును ప్రమాణంగా తీసుకుంటున్నారు. వాతావరణం వేడెక్కేకొద్దీ ప్రమాణమూ పైకి జరిగి, అదే ఎండ కాగితం మీద తక్కువ అసాధారణంగా కనిపిస్తుంది. ఇచ్ఛాపురం నుంచి నెల్లూరు దాకా కోస్తాంధ్ర అంతా ఒకే ఉపవిభాగం కావడం మరో ఇబ్బంది. మండలాల జాబితాలు ఈ చివరి లోపాన్ని చాలావరకు సరిదిద్దాయి. మొదటి రెండూ అలాగే ఉన్నాయి.

థర్మామీటరు పట్టని అంశాల్లో మొదటిది తేమ. 2023 ఏప్రిల్ 16న నవీ ముంబైలోని ఖార్ఘర్‌లో ఒక పురస్కార సభకు లక్షల మంది వచ్చి ఎండలో గంటల తరబడి కూర్చున్నారు. 14 మంది చనిపోయారు. దగ్గరి కేంద్రంలో ఆ రోజు నమోదైన వేడి 38 డిగ్రీల చేరువలోనే ఉంది. అంకె చూస్తే అంత భయపడాల్సిన ఎండ అనిపించదు. శరీరం వేడిని వదిలించుకునేది ప్రధానంగా చెమట ఆరడం ద్వారా. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే చెమట కారుతుంది తప్ప ఆరదు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటరు చూపే వెట్‌బల్బ్ ఉష్ణోగ్రత ఈ తేడాను పట్టిస్తుంది. 42 డిగ్రీల ఎండలో తేమ 15 శాతమే ఉంటే వెట్‌బల్బ్ సుమారు 22 డిగ్రీలు. 36 డిగ్రీల వేడిలో తేమ 60 శాతం ఉంటే అది 29 దాటుతుంది. మొదటిది నిజామాబాద్ తరహా ఎండ, రెండోది విశాఖపట్నం తరహా ఉక్కపోత. వెట్‌బల్బ్ 35 డిగ్రీలకు చేరితే మనిషి తట్టుకోలేడని 2010లో శాస్త్రవేత్తలు సైద్ధాంతిక హద్దు చెప్పారు. పన్నెండేళ్ల తర్వాత అమెరికాలోని పెన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆరోగ్యవంతులైన యువతీయువకుల మీద జరిపిన ప్రయోగాల్లో ఆ హద్దు 30–31 డిగ్రీల దగ్గరే తేలింది. ముసలివాళ్లకు, షుగరు, గుండె జబ్బులున్నవాళ్లకు అది ఇంకా కిందే ఉంటుందని వేరే చెప్పనక్కర్లేదు. అలాగని పొడి ఎండను తేలిగ్గా తీసుకోవడానికి లేదు. 42 డిగ్రీల గాలి శరీరం కంటే వేడి కాబట్టి ఎదురు వేడెక్కిస్తుంది, తెలియకుండానే ఒంట్లోని నీటిని లాగేస్తుంది. రెండు రకాల ఎండలకు రెండు రకాల జాగ్రత్తలు కావాలి. పగటి గరిష్ఠం ఒక్కటే చెప్పే సూచన ఈ రెంటినీ ఒకే గాటన కడుతుంది. వాతావరణ శాఖ 2023 నుంచి వేడి, తేమ కలిపిన ఉష్ణసూచీని ప్రయోగాత్మకంగా ఇస్తోంది. అది ప్రయోగం దశ దాటి కోస్తా జిల్లాల హెచ్చరికకు ఆధారం కావాలి.

రెండో అంశం రాత్రి. పగలు కాగిన శరీరం తేరుకునేది రాత్రి చల్లదనంలోనే. పగటి గరిష్ఠం 40 దాటిన చోట కనిష్ఠం కూడా సాధారణం కంటే 4.5 డిగ్రీలకు మించి ఎక్కువగా ఉంటే దాన్ని వేడి రాత్రిగా వాతావరణ శాఖ గుర్తిస్తుంది. వార్తల్లో మాత్రం ఏ ఊళ్లో అత్యధిక ఉష్ణోగ్రత నమోదైందన్న పోటీయే కనిపిస్తుంది. పగలంతా వేడిని పీల్చుకున్న కాంక్రీటు స్లాబు అర్ధరాత్రి దాకా దాన్ని ఇంట్లోకి వదులుతూనే ఉంటుంది. సిమెంటు రేకుల కింద ఫ్యాను తిప్పేది వేడి గాలినే. వేడి ఎన్ని రోజులు సాగిందన్నది మూడో అంశం. హైదరాబాద్ సహా 10 భారతీయ నగరాల మరణాల లెక్కలను పరిశీలించి 2024లో వెలువడిన అధ్యయనం ప్రకారం, తీవ్రమైన వేడి ఒక్క రోజు ఉంటే ఆ నగరాల్లో మరణాలు సుమారు 12 శాతం పెరుగుతున్నాయి. అదే అయిదు రోజులు వరుసగా సాగితే పెరుగుదల 33 శాతం దాకా పోతోంది. అంటే అయిదో రోజు 43 డిగ్రీలు మొదటి రోజు 43 డిగ్రీలతో సమానం కాదు. ఫ్రాన్స్ ఈ పాఠాన్ని భారీ మూల్యం చెల్లించి నేర్చుకుంది. 2003 ఆగస్టులో అక్కడ సుమారు 15 వేల మంది చనిపోయారు. మరుసటి ఏడాది తెచ్చిన పథకంలో ప్రతి జిల్లాకూ పగటికి ఒక హద్దు, రాత్రికి ఒక హద్దు పెట్టి, మూడు రోజుల సగటు ఆ రెంటినీ దాటితే హెచ్చరిక ఇస్తున్నారు. పారిస్‌కు ఆ హద్దులు 31, 21 డిగ్రీలు. మనకు ఆ అంకెలు నవ్వు తెప్పించవచ్చు. వాటి వెనక ఉన్న పద్ధతి మాత్రం గమనించదగ్గది. ఏ వేడిలో అక్కడి మనుషులు చనిపోవడం మొదలవుతోందో లెక్కగట్టి ఆ హద్దులు పెట్టారు. ఒంటరిగా ఉండే వృద్ధుల పేర్లు మున్సిపాలిటీల దగ్గర నమోదై ఉంటాయి కాబట్టి, హెచ్చరిక రాగానే ఎవరికి ఫోను చేయాలో వాళ్లకు తెలుసు.

మన ఎండలు మనకు కొత్తా, రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తాతల నాటి నుంచి అనుకుంటున్నదే కదా అన్నది ఇక్కడ తరచుగా వినిపించే ఆక్షేపణ. ఇందులో కొంత నిజం ఉంది. శరీరం వేడికి అలవాటు పడుతుంది. ఒకటి రెండు వారాలు క్రమంగా ఎండలో పనిచేస్తే చెమట త్వరగా పట్టడం, అందులో ఉప్పు తక్కువ పోవడం లాంటి మార్పులు వస్తాయి. అయితే ఆ అలవాటుకు సమయం కావాలి, ఆ సమయమే ఇప్పుడు దొరకడం లేదు. 1901 నుంచి ఉన్న లెక్కల్లో దేశం సగటున అత్యంత వేడి పగళ్లు చూసిన మార్చి 2022లో వచ్చింది. మరుసటి ఏడాది ఫిబ్రవరి పగటి వేడిలో అదే రికార్డు నెలకొల్పింది. 2024 ఏకంగా దేశ చరిత్రలో అత్యంత వేడి సంవత్సరం. కార్తెల లెక్కలో మే చివరికి రావాల్సిన వేడి, శరీరం సిద్ధం కాకముందే మీద పడుతోంది. 2022 నాటి ముందస్తు ఎండలు రావడానికి వాతావరణ మార్పు వల్ల అవకాశం 30 రెట్లు పెరిగిందని అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం తేల్చింది. తాతల కాలపు ఇళ్లూ ఇప్పుడు లేవు. మట్టి గోడలు, తాటాకు కప్పు, పెంకుటింటి పంచ, వాకిట్లో వేపచెట్టు ఉన్న ఊళ్లలో స్లాబులు, రేకులు, సిమెంటు రోడ్లు వచ్చాయి. మధ్యాహ్నం పని ఆపి చెట్టు కింద నడుం వాల్చే వీలు రైతుకూ వ్యవసాయ కూలీకీ ఎంతో కొంత ఉండేది. ఆర్డరుకింత అని సంపాదించే డెలివరీ కుర్రాడికి, ఇటుక బట్టీలో అడ్వాన్సు తీసుకున్న కుటుంబానికి ఆ వీలు లేదు. అలవాటు అన్న మాట వీళ్ల విషయంలో వర్తించదు.

మరో ఆక్షేపణ కొలతల విశ్వసనీయత మీద. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేష్‌పూర్ ఆటోమేటిక్ కేంద్రం 52.9 డిగ్రీలు చూపింది. దేశమంతా సంచలనమైంది. తర్వాత పరిశీలిస్తే అక్కడి సెన్సరు సుమారు మూడు డిగ్రీలు ఎక్కువ చూపుతోందని వాతావరణ శాఖే తేల్చింది. ఇలాంటి పొరపాట్లు జరుగుతున్నప్పుడు మండలాల జాబితాలను నమ్ముకుని పనులు ఆపించడం ఎంతవరకు సబబు అని అడగవచ్చు. ఆ సంఘటన నుంచి తీసుకోవాల్సిన పాఠం రెండు వైపులా ఉంది. ఆటోమేటిక్ కేంద్రాలను తరచూ సరిచూడాలి, ఏ కేంద్రం లెక్కను అధికారికంగా తీసుకుంటారో ముందే ప్రకటించాలి. అదే సమయంలో, ప్రామాణిక కేంద్రాల్లో కొలిచేది తెల్ల పెట్టెలో, నీడలో, గాలి ఆడే చోట, నేలకు మనిషి ఛాతీ ఎత్తున ఉన్న వేడిని. ఓపెన్‌కాస్ట్ గనిలో, తారు రోడ్డు మీద, మిర్చి యార్డులో, రేకుల షెడ్డులో మనిషి అనుభవించేది అంతకంటే ఎక్కువే. ఒక కేంద్రం మూడు డిగ్రీలు ఎక్కువ చూపడం వార్త అవుతుంది. పని జరిగే చోటు అధికారిక అంకె కంటే రోజూ ఎక్కువ వేడిగా ఉండటం ఎక్కడా వార్త కాదు. సూచనలో అనిశ్చితి ఉన్న మాట నిజమే. అది ఎక్కువగా నష్టం చేసేది వేడిని తక్కువగా అంచనా వేసే వైపునే.

ఇంత చెప్పినా, మరణాలు తగ్గాయి కదా అన్నది అన్నిటికంటే బలమైన ఆక్షేపణ. 2015 మే ఎండల్లో దేశంలో 2 వేల మందికి పైగా చనిపోతే వారిలో అత్యధికులు రెండు తెలుగు రాష్ట్రాల వాళ్లు. ఆ తర్వాత రెండు రాష్ట్రాలూ వేడి కార్యాచరణ ప్రణాళికలు రూపొందించాయి. జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థ లెక్కల్లో దేశం మొత్తం మీద మరణాలు 2016లో 1,111, 2017లో 384, 2018లో 25. ఈ లెక్కే చూస్తే సమస్య దాదాపు తీరిపోయినట్టే. కానీ అదే 2018కి జాతీయ నేర గణాంకాల సంస్థ చూపిన వడదెబ్బ మరణాలు 890. ఒకే ప్రభుత్వం కింద ఉన్న రెండు సంస్థల మధ్య 35 రెట్ల తేడా. ఇది లెక్కలో చిన్న పొరపాటు అనుకోవడానికి లేదు. ఒకచోట లెక్క పరిహారంతో ముడిపడి ఉంది, రెండోచోట అది పోలీసు రికార్డుల నుంచి వస్తుంది. వడదెబ్బ మరణాన్ని ధ్రువీకరించడానికి మన దగ్గర తహసీల్దారు, ఎస్సై, వైద్యాధికారి కలిసి నిర్ణయించాలి. ఎండలో కుప్పకూలిన మనిషికి అప్పటికే గుండె జబ్బు ఉంటే మరణ కారణం గుండెపోటుగా నమోదవుతుంది. ఇంట్లో రాత్రి నిద్రలో పోయిన వృద్ధురాలి మరణం ఏ లెక్కలోకీ రాదు. అహ్మదాబాద్‌లో 2010 మే నాటి ఎండల విషయంలో పరిశోధకులు వేరే దారి పట్టారు. వడదెబ్బ అని రాసిన ధ్రువపత్రాలను పక్కనబెట్టి, ఆ నెల మొత్తం మరణాలను ముందు, తర్వాతి ఏళ్లలో అదే నెల మరణాలతో పోల్చి చూశారు. 1,344 మరణాలు అదనంగా తేలాయి. విజయవాడ, వరంగల్, కర్నూలు లాంటి నగరాల్లో ప్రతి వేసవికీ ఈ లెక్క కట్టి ప్రచురిస్తే తప్ప మన హెచ్చరికలు పనిచేస్తున్నాయో లేదో చెప్పడం కుదరదు. మరణాలు నిజంగానే తగ్గి ఉండవచ్చు. ఎంత తగ్గాయో, ఎందుకు తగ్గాయో ఇప్పుడున్న లెక్కలతో నిరూపించలేం.

అహ్మదాబాద్ ఆ లెక్కతో ఆగలేదు. 2013లో దక్షిణాసియాలోనే మొదటి నగర స్థాయి వేడి కార్యాచరణ ప్రణాళిక తెచ్చింది. స్థానిక మరణాల లెక్కల ఆధారంగా హెచ్చరిక హద్దులు పెట్టుకుంది. ఆసుపత్రి సిబ్బందికి శిక్షణ ఇచ్చింది, ఏ రంగు హెచ్చరికకు ఏ శాఖ ఏం చేయాలో రాసిపెట్టింది. దానివల్ల తర్వాతి సంవత్సరాల్లో ఏడాదికి సగటున 1,190 మరణాలు తప్పాయని ఒక అధ్యయనం అంచనా వేసింది. దేశంలోని మిగతా ప్రణాళికలు ఈ నమూనా పేరు తీసుకున్నాయి కానీ సారం తీసుకోలేదు. ఢిల్లీలోని సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ 2023లో 18 రాష్ట్రాల 37 ప్రణాళికలను చదివి చూసింది. స్థానికంగా హద్దులు నిర్ణయించుకున్నవి 10 మాత్రమే. ఎవరికి ఎక్కువ ముప్పో అంచనా వేసినవి రెండే. డబ్బు ఎక్కడినుంచి వస్తుందో ప్రస్తావించినవి 11. చట్టబద్ధమైన అధికారం తనకు ఎక్కడినుంచి వచ్చిందో చెప్పినది ఒక్కటీ లేదు. అసలు చిక్కు ఈ చివరి అంశంలోనే ఉంది. కలెక్టరు మధ్యాహ్నం పనులు ఆపాలని ప్రకటన ఇస్తే కాంట్రాక్టరు వినకపోయినా అడిగేవారు లేరు. బడుల విషయంలో మాత్రం ఇలా లేదు. మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి, ప్రైవేటు బడి కూడా పాటించక తప్పదు, తల్లిదండ్రులకు ఆ వేళలు ముందే తెలుసు. నెల రోజులకు పైగా రాష్ట్రమంతటా పిల్లల సమయాన్ని మార్చగలిగిన ప్రభుత్వం, అయిదు ఎరుపు రోజుల్లో కూలీల సమయాన్ని మార్చలేనంటే నమ్మశక్యంగా లేదు.

కూలీల వేళలు మారిస్తే వాళ్ల పొట్ట కొట్టినట్టే అన్నది ఇక్కడ ఎదురయ్యే వాదన. ఇది తోసిపుచ్చదగినది కాదు. ఒక పూట పని పోతే ఆ పూట పొయ్యి మీద ప్రభావం పడే కుటుంబానికి ఇంట్లో ఉండమనే సలహా ఎగతాళిలా వినిపిస్తుంది. అందుకే హెచ్చరిక కూలితో ముడిపడాలి. ఇది అసాధ్యమేమీ కాదని చెప్పే ఉదాహరణలు తెలుగువాళ్లకు దగ్గరగానే ఉన్నాయి. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల ప్రాంతాల నుంచి వెళ్లిన వలస కార్మికులు పనిచేసే ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు ఆరుబయట పని నిషేధం. వేడి, తేమ, ఎండ, గాలి కలిపి లెక్కించే సూచీ 32.1 డిగ్రీలు దాటితే ఏ వేళనైనా పని ఆపాల్సిందేనని 2021లో నిబంధన తెచ్చారు. అక్కడ కార్మికుల హక్కుల స్థితి గొప్పదనీ, నిబంధన ప్రతిచోటా అమలవుతోందనీ అనడం లేదు. కానీ దోహాలో మధ్యాహ్నం పని ఆపించుకునే హక్కు కాగితం మీదైనా ఉన్న జగిత్యాల మేస్త్రీకి సొంత ఊళ్లో ఆ కాగితం కూడా లేదు. గుజరాత్‌కు చెందిన ‘సేవా’ అనే మహిళా కార్మికుల సంఘం మరో దారి చూపింది. 2024 వేసవిలో మూడు రాష్ట్రాల్లోని సుమారు 50 వేల మంది సభ్యులకు వేడి బీమా ఏర్పాటు చేసి, ఉష్ణోగ్రత ముందే నిర్ణయించిన హద్దు దాటగానే తలా 400 రూపాయలు చేతికి అందేలా చూసింది. మొత్తం చిన్నదే. అయినా డిగ్రీలకు, డబ్బుకు మధ్య దరఖాస్తులు, సర్టిఫికెట్లు లేకుండా సూటిగా ముడి పడటం అందులోని విశేషం. మన రాష్ట్రాల ఉపాధి హామీ పనుల్లోనూ ఎండాకాలంలో నేల గట్టిపడి పని తక్కువ సాగుతుందని గుర్తించి వేసవి నెలలకు అదనపు భత్యం కలిపే పద్ధతి ఒకప్పుడు ఉండేది. ఆ ఆలోచనను నెలల నుంచి హెచ్చరిక రంగులకు మార్చి, ఎరుపు రోజున ఉదయం పూట పనికే పూర్తి కూలి అంటే సరిపోతుంది.

హెచ్చరికలకు ఇంత బరువు పెడితే, నాలుగుసార్లు తప్పాక జనం పట్టించుకోరని, నాన్నా పులి కథ అవుతుందని ఇంకొందరి అనుమానం. విసుగు నిజంగానే ఉంది. కానీ అది వచ్చింది హెచ్చరికలు ఎక్కువై కాదు, రెండు నెలల పాటు అన్ని ఊళ్లకూ ఒకే మాట చెప్పడం వల్ల. రోజూ పసుపు రంగులో ఉండే పటాన్ని ఎవరూ చూడరు. తీరానికి తేమ హద్దు, తెలంగాణకు పొడి ఎండ హద్దు, పట్టణాలకు రాత్రి హద్దు వేరుగా పెట్టి, ఎరుపును నిజంగా ప్రాణాంతకమైన రోజులకే దాచుకుంటే దాని విలువ నిలుస్తుంది. తప్పినప్పుడు కలిగే నష్టాన్నీ సమంగా తూచాలి. ఎరుపు అని చెప్పిన రోజున ఎండ రెండు డిగ్రీలు తగ్గితే, పని తెల్లవారుజామున మొదలుపెట్టినందుకు, ఆసుపత్రిలో నాలుగు మంచాలు, ఐసు, సెలైన్లు సిద్ధంగా ఉంచినందుకు పోయేది స్వల్పం. చెప్పని రోజున ఎండ ముదిరితే పోయేది ప్రాణాలు. తుపాను విషయంలో మనం ఈ లెక్కను ఎప్పుడో ఒప్పుకున్నాం. తీరం నుంచి వేలమందిని తరలించాక తుపాను దారి మళ్లితే తరలించినందుకు ఎవరూ కలెక్టరును తప్పుబట్టరు. దివిసీమ ఉప్పెనను చూసిన రాష్ట్రంలో తుపానుకు ఉన్న గౌరవం, అంతకంటే తరచుగా చంపే ఎండకు ఇంకా రాలేదు. ఎండకు కూలిపోయిన వంతెన ఉండదు, హెలికాప్టరు నుంచి తీయడానికి దృశ్యం ఉండదు.

గౌరవం వచ్చేది చివరికి నిధులతో, నిబంధనలతో. కేంద్రం ప్రకటించిన విపత్తుల జాబితాలో వడగాల్పులు చాలాకాలం లేకపోవడంతో విపత్తు సహాయ నిధిని ఎండకు వాడాలంటే రాష్ట్రాలు ఆ నిధిలో స్థానిక విపత్తులకు కేటాయించిన 10 శాతం మీద ఆధారపడాల్సి వచ్చింది. తెలంగాణ 2025 ఏప్రిల్‌లో వడగాల్పులను రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, మరణిస్తే కుటుంబానికి 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. ఇది మంచి అడుగు. అయితే పరిహారం పెరిగేకొద్దీ ధ్రువీకరణ బిగుసుకునే ప్రమాదం ఉంది కాబట్టి, అదనపు మరణాల లెక్కను దీనితో సంబంధం లేకుండా వేరుగా కట్టాలి. అదే రాష్ట్రం 2023లో తెచ్చిన చల్లని పైకప్పుల విధానం 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పుకు చల్లదనం తేవాలని, అందులో 200 హైదరాబాద్‌లోనే ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. రాత్రి వేడికి సూటిగా తగిలే మందు ఇదే. అది పెద్ద భవనాలకే పరిమితం కాకుండా రేకుల ఇళ్లకు ముందు చేరితే సూచన మీద పడే భారం అంతమేరకు తగ్గుతుంది.

కాబట్టి వచ్చే వేసవి సూచనలో మార్చాల్సినది స్పష్టంగానే ఉంది. ప్రతి మండలానికీ పగటి గరిష్ఠంతో పాటు ఉష్ణసూచీ, రాత్రి కనిష్ఠం, ఆ వేడి వరుసగా ఎన్నో రోజో ఒకే వరుసలో ఉండాలి. ఆ నాలుగింటినీ ఆ ప్రాంతపు మరణాల లెక్కతో పోల్చి రంగు నిర్ణయించాలి. ఎరుపు రంగు పడగానే వర్తించే ఉత్తర్వును ఫిబ్రవరిలోనే జారీ చేసి ఉంచాలి. ఏ గంటల్లో ఆరుబయట పని ఆగుతుంది, కోల్పోయిన గంటల కూలి ఎవరు భరిస్తారు, ఏ భవనం రాత్రంతా తెరిచి ఉంటుంది, ఒంటరి వృద్ధుల జాబితా ఏ సచివాలయం దగ్గర ఉంటుంది, ఉల్లంఘిస్తే జరిమానా ఎంత అన్నవి అందులో రాసి ఉండాలి. సీజను ముగిశాక సెప్టెంబరులో అదనపు మరణాల లెక్క బయటపెట్టి, ఆ ఉత్తర్వు ఎక్కడ పనిచేసిందో ఎక్కడ చేయలేదో చెప్పాలి. వాతావరణ శాఖ తన వంతుగా నాలుగైదు రోజుల గడువు ఇస్తోంది. ఆ గడువులో ఏం చేయాలన్నది శాస్త్రవేత్తలు తేల్చే ప్రశ్న కాదు. కార్మిక శాఖ, మున్సిపాలిటీలు, రెవెన్యూ, ఆరోగ్య శాఖలు సంతకం పెట్టి బాధ్యత తీసుకోవాల్సిన ప్రశ్న. ఆ సంతకం పడేదాకా అంచనా ఎంత సరిగ్గా ఉన్నా, దాని ఫలితం ఏసీ గదిలో ఉండగలిగిన వాళ్లకే దక్కుతుంది.